"పెన్నీ ఖర్చు పెట్టాలి" అంటే తెలియక పక్క తడిపించాను. ఈ ఇంగ్లీషు మాటలు ఎక్కడివండీ?

గోదారి_నర్సు

అందరికీ నమస్తే. నేను యార్క్‌షైర్‌లో ఒక ఆస్పత్రిలో ముసలివాళ్ల వార్డులో నర్సుని. వచ్చి పద్నాలుగు నెలలైంది. ఐఈఎల్‌టీఎస్‌లో ఏడున్నర తెచ్చుకుని మరీ వచ్చాను. ఆ ఏడున్నర ఇక్కడ ఏడు రోజులు కూడా అక్కరకు రాలేదు.

మొదటి వారమే జరిగింది. ఎనభై నాలుగేళ్ల మామ్మగారు నన్ను పిలిచి, "లవ్, ఐ నీడ్ టు స్పెండ్ ఎ పెన్నీ" అంది. లవ్ అంటే మన "అమ్మా" లాంటి పిలుపేనని అప్పటికి తెలిసింది. పెన్నీ సంగతి తెలియదు. ఏదో కొనుక్కోవాలేమో అనుకుని, "పేపర్లూ చాక్లెట్లూ అమ్మే బండి పదకొండింటికి వస్తుందండీ, కాస్త ఓపిక పట్టండి" అని దుప్పటి సర్ది వచ్చేశాను. ఆవిడ ఏమీ అనలేదు. పదకొండు దాకా ఓపిక పట్టడం ఆవిడ వల్ల కాలేదు. పక్క మారుస్తుంటే ఆవిడే నాకు సారీ చెప్పింది. ఆ సారీ ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత ఒకరోజు పెద్ద డాక్టరుగారు విద్యార్థుల్ని వెంటేసుకుని రౌండ్స్‌కి వచ్చారు. మంచం మీది పెద్దాయన్ని పక్కకి ఒత్తిగిల్లమన్నారు. ఒత్తిగిల్లాడు. ఆ ఒత్తిగిల్లడంలో గట్టిగా ఒక శబ్దం వచ్చింది. అందరూ పైకప్పు చూస్తున్నారు. ఆయన మాత్రం తొణక్కుండా "మోర్ టీ, వికార్?" అన్నాడు. నేను వెళ్లి టీ తెచ్చాను. రెండు చెంచాల చక్కెర కూడా వేశాను. విద్యార్థులు గోడవైపు తిరిగి నవ్వారు. ఆయన మాత్రం ఆ టీ తాగాడు, పెద్దమనిషి.

ఇంకొకాయన బాత్రూముకి లేచిన ప్రతిసారీ "ఒక కుక్క విషయమై ఒక మనిషిని చూడాలి" అంటాడు. ఆయనకి కుక్క లేదు. కూతుర్ని కూడా అడిగాను.

తోటి నర్సుల్ని అడిగితే తలా ఒక కథ. "పార్డన్ మై ఫ్రెంచ్" నెపోలియన్‌తో యుద్ధాలప్పుడు పుట్టిందని ఒకరు. "బిషప్‌తో నటి అన్నట్టు" అనేది నిజంగా ఒక విందులో జరిగిందని ఇంకొకరు. ఇక్కడ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లు ఏది నిజమో, ఏది అల్లికో చెప్పండి. ఇలాంటివి ఇంకేమున్నాయో కూడా చెబితే ముందే నేర్చుకుంటాను. ఇంకో పక్క తడవడం నాకిష్టం లేదు.

పాత_డాక్టరు

అమ్మాయ్, నువ్వు టీ తెచ్చావు, నయం. నేను రోగిని కౌన్సిల్ ఆఫీసుకి పంపించబోయాను.

1974లో కేజీహెచ్‌లో హౌస్‌సర్జన్ పని ముగించుకుని విశాఖ నుంచి వచ్చాను. ఆస్పత్రుల్లో కొన్నేళ్లు తిరిగి, లాంకషైర్‌లో ఒక నూలుమిల్లుల ఊళ్లో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, కుదురుకున్నాను. మొదటి నెలలోనే ఒక ముసలాయన వచ్చి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, "వాటర్‌వర్క్స్ సరిగ్గా లేదు డాక్టర్" అన్నాడు. కుళాయి గోల నా దగ్గరికెందుకు తెచ్చాడా అనుకుంటూనే, మర్యాదకి, "అవి కౌన్సిల్ వాళ్లు చూస్తారు కదండీ" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఇంటికొచ్చి చూస్తారా?" అని అడిగాడు. రిసెప్షన్ ఆవిడ లోపలికొచ్చి నా చెవిలో "ప్రోస్టేట్" అని ఊదింది. ఈ మాట రాసుకో. మూత్రం సంగతి ఇక్కడి డాక్టర్లు కూడా "వాటర్‌వర్క్స్ ఎలా ఉన్నాయి?" అనే అడుగుతారు.

ఇక నీ పెన్నీ. మిగతావాటి సంగతేమో గానీ ఇది కథ కాదు, నిజంగా చేసిన ఖర్చే. 1851లో లండన్ హైడ్ పార్కులో గాజు మేడ కట్టి మహా ప్రదర్శన పెట్టారు. జార్జ్ జెన్నింగ్స్ అనే శానిటరీ ఇంజనీరు అక్కడ మరుగుదొడ్లు అమర్చాడు. ఒకసారికి ఒక పెన్నీ. ఆ ఐదున్నర నెలల్లో 8,27,280 మంది పెన్నీ ఇచ్చి వెళ్లారని లెక్క తేలింది. ఆ తర్వాత ఊరూరా పబ్లిక్ దొడ్ల తలుపులకి పెన్నీ వేస్తే తెరుచుకునే తాళాలు వచ్చాయి. అప్పటి పెన్నీ ఇప్పటి బొత్తాం లాంటి బిళ్ల కాదు, బరువైన పెద్ద కంచు బిళ్ల. పౌనుకి 240.

ఇక్కడొక మెలిక ఉంది. మగవాళ్లు నిలబడి కానిచ్చే చోటు చాలావరకు ఉచితం. తలుపున్న గదికే పెన్నీ. అంటే మగవాడికి ఎప్పుడో ఒకసారి, ఆడమనిషికి ప్రతిసారీ. అందుకే అది ఆడవాళ్ల మాట అయింది. నీ కుక్క పెద్దాయన ఆ మాట అనడు చూడు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చూపించే మొదటి అచ్చు దాఖలా 1945 నాటిది. తాళాలేమో అంతకు కొన్ని దశాబ్దాల ముందే ఉన్నాయి. ఆడవాళ్లు చెవిలో చెప్పుకునే మాటని అచ్చేసే పత్రిక ఏముంటుంది?

ఆ పెన్నీ వెనక చిన్న రామాయణమే ఉంది. బెర్నార్డ్ షా నాటకాలు రాస్తూనే లండన్ సెయింట్ పాంక్రాస్‌లో వార్డు మెంబరుగా కూడా చేశాడు. కామ్‌డెన్ టౌన్‌లో రోడ్డు కూడలి దగ్గర ఆడవాళ్లకి ఒక దొడ్డి కట్టాలని పట్టుబట్టాడు. ఎంత చోటు పడుతుందో చూద్దామని చెక్కతో నమూనా నిలబెట్టారు. గిట్టనివాళ్లు బళ్లు తోలుకొచ్చి దానికి గుద్దించారు, చూశారా దారికి ఎంత అడ్డమో అని. పేదింటి ఆడదానికి ఆ పెన్నీ ఎంత భారమో 1909లో షా ఒక వ్యాసమే రాశాడు. తర్వాత మా లాంకషైర్ బ్లాక్‌బర్న్ ఎంపీ బార్బరా కాసిల్, దొడ్ల ముందు గిర్రున తిరిగే ఇనప గేట్ల మీద పడింది. నిండు గర్భిణులు వాటిలో ఇరుక్కుపోయేవాళ్లు మరి. 1963లో చట్టం చేసి తీయించారు. 1971 ఫిబ్రవరి 15న డబ్బు లెక్కే మారిపోయింది, ఆ ఆగస్టు చివరికి పాత పెన్నీ చెల్లకుండా పోయింది. మీ మామ్మగారి నోట్లో ఇంకా చెల్లుతోంది.

కుక్క సంగతి. 1866లో లండన్‌లో ఆడిన గుర్రప్పందాల నాటకం ఒకటుంది, "ఫ్లయింగ్ స్కడ్" అని. రాసినవాడు డబ్లిన్‌లో పుట్టిన డయాన్ బూసికో. అందులో ఒక పాత్ర ఎదుటివాడిని వదిలించుకోవడానికి సరిగ్గా ఈ మాటే అంటుంది, కుక్క విషయమై ఒకరిని చూడాలి, నిలబడే తీరిక లేదని. అక్కడ బాత్రూము ప్రసక్తే లేదు. "ఎక్కడికని అడక్కు" అనడమే దాని పని. అమెరికాలో మద్యనిషేధం రోజుల్లో సారా కొట్టుకి పోయేవాళ్లకీ ఇదే అక్కరకొచ్చింది. నీ రోగికి బాత్రూముకి పనికొస్తోంది.

"పార్డన్ మై ఫ్రెంచ్"కి నెపోలియన్ సైన్యం అక్కర్లేదు. 1830ల్లో ఇది నిజంగానే ఫ్రెంచి మాట వాడి, వినేవాళ్లకి రాదేమోనని చెప్పుకునే క్షమాపణ. కాస్త గొప్పలు పోవడం కూడా ఉందిలే. మనవాళ్లు మధ్యలో ఒక శ్లోకం చదివి "క్షమించాలి, సంస్కృతం దొర్లింది" అన్నట్టు. తర్వాత వందేళ్లకి, అంటే 1930లకల్లా, నోరు జారి బూతు అనేసి "అది ఫ్రెంచి లెండి" అని తప్పించుకోవడంగా దిగజారింది.

ఫ్రాన్సు మీదకి నెట్టడం వీళ్లకి పాత అలవాటు. చెప్పకుండా విందులోంచి జారుకుంటే ఇంగ్లీషువాడు "ఫ్రెంచ్ లీవ్" అంటాడు. ఫ్రెంచివాడు అదే పనిని "ఇంగ్లీషు పద్ధతిలో జారుకోవడం" అంటాడు. నేను జీపీగా ఉన్నప్పుడు వయసు మళ్లిన పెద్దమనుషులు నిరోధ్‌ని "ఫ్రెంచ్ లెటర్" అనేవారు. ఫ్రాన్సులో దాని పాత పేరు ఏమిటనుకున్నావ్? "ఇంగ్లీషు కోటు." ఇక సిఫిలిస్. ఇంగ్లండులో అది ఫ్రెంచి జబ్బు, ఫ్రాన్సులో నేపుల్స్ జబ్బు. మనం తక్కువ తిన్నామా? పదహారో శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశంలో దాని పేరు ఫిరంగ రోగం. మందుకొట్లో అమ్మే పరంగి చెక్క దానికి వాడిన మందే. ఫిరంగి, పరంగి అన్న మాటలు ఎక్కడివంటే ఫ్రాంక్ నుంచి. అంటే తిరిగి తిరిగి ఫ్రాన్సు దగ్గరికే. అవమానాన్ని పక్క దేశానికి తపాలా వేయడంలో అందరం ఒక్కటే.

"మోర్ టీ, వికార్?" అనగానే నాకు ముందు గది కనిపిస్తుంది. వికార్ అంటే చర్చి ఫాదరు. ఇక్కడి కూలీల ఇళ్లల్లో కూడా వీధివైపు ఒక గది ఉండేది. మంచి కుర్చీలు, మంచి కప్పులు, పెళ్లి ఫొటో. ఇంట్లోవాళ్లు అందులో కూర్చునేవారు కాదు. చావుకీ, పెళ్లికీ, చర్చి ఫాదరు వచ్చినప్పుడూ తెరిచేవారు. అలాంటి గదిలో, పింగాణీ కప్పు చేతిలో పట్టుకుని బిగుసుకు కూర్చున్న ఫాదరు ముందు ఎవరో ఒకరు శబ్దం చేస్తే ఇంటావిడ ఏమంటుంది? ఏమీ జరగనట్టు ఇంకాస్త టీ పోయమంటారా అంటుంది. నీ పెద్దాయన చమత్కారం అదీ. ఆయనేమో ఇంటావిడ, మీ పెద్ద డాక్టరేమో ఫాదరు. నువ్వు నిజంగానే టీ తెచ్చి ఆ నాటకాన్ని పూర్తి చేశావు.

వీటన్నిటిలో ఒక పద్ధతి ఉంది, యాభై ఏళ్లుగా చూస్తున్నాను. ఇంగ్లీషువాడికి సిగ్గేస్తే గదిలో లేని మనిషినొకణ్ణి పిలుచుకొస్తాడు. కుక్కలమ్మేవాడు, ఫ్రెంచివాడు, చర్చి ఫాదరు, నటి, బిషప్. ఆ సిగ్గు కాసేపు వాళ్ల నెత్తిన పెడతాడు. మనవాళ్లు మనిషిని పిలవరు, సంస్కృతాన్ని పిలుస్తారు. లఘుశంక అంటే చిన్న సందేహం! మా నాన్నగారు ఒకసారి అన్నవరం దగ్గర బస్సాపించి "చిన్న శంక తీర్చుకొస్తాను" అని దిగారు. కండక్టరు నాకేసి తిరిగి, "ఎవర్ని అడుగుతారు బాబూ, ఇక్కడ ఎవరూ లేరే?" అన్నాడు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. మాటే అక్కర్లేని పద్ధతి. నూలుమిల్లుల్లో మగ్గాల మోతకి చెవులు వినపడవు. అందుకని నేతపని ఆడవాళ్లు పెదవులు పెద్దగా కదిలిస్తూ శబ్దం లేకుండా మాట్లాడుకునేవారు. దాన్ని మీ-మా అంటారు. మిల్లులు మూతపడినా అలవాటు పోలేదు. నా దగ్గరికొచ్చే ఒకావిడ "మా చెల్లెలికి ఆపరేషనైంది డాక్టర్" వరకు గొంతుతో చెప్పి, ఏ ఆపరేషనో మాత్రం పెదవులతోనే అనేది. గర్భసంచి అన్నమాట. గదిలో ఉన్నది మేమిద్దరమే. లెస్ డాసన్ అనే హాస్యనటుడు ఆడవేషం కట్టి టీవీలో అచ్చం ఇదే చేసేవాడు. రాత్రి అది చూసి పడీ పడీ నవ్వినవాళ్లే పొద్దున్నే నా ముందు కూర్చుని అదే చేసేవారు.

లెస్టర్_బడిటీచరమ్మ

డాక్టరు గారూ, మీ-మా చదివి మా అమ్మమ్మ గుర్తొచ్చింది. "బయట చేరింది" అనే మాట ఆవిడా పెదవులతోనే అనేది, అదీ మగవాళ్లు పొలానికి పోయాక.

నేను లెస్టర్‌లో ఒక చిన్న బడిలో టీచింగ్ అసిస్టెంట్‌ని. ఆరేళ్ల పిల్లలు. వీళ్లకి సిగ్గు ఇంకా పూర్తిగా రాలేదు, మాటలు మాత్రం వచ్చేశాయి. కథల వేళ చాప మీద కూర్చున్నప్పుడు గుప్పుమందంటే చాలు, ఒకడు ముక్కు మూసుకుంటాడు. వెంటనే ఇంకొకడు "హూ స్మెల్ట్ ఇట్, డెల్ట్ ఇట్" అంటాడు, వాసన పట్టినవాడిదే తప్పని. దానికి జవాబు, "హూ డినైడ్ ఇట్, సప్లైడ్ ఇట్." కాదన్నవాడే సరఫరాదారుడు. అంతటితో కేసు కొట్టేస్తారు. మా బాపట్ల బళ్లో ఇంత న్యాయశాస్త్రం లేదు. ముక్కు మూసుకున్నవాడికి వీపు మీద ఒకటి పడేది.

అక్క కూడా తెలుసుకోవాల్సిన మాట ఇంకొకటి. మా స్టాఫ్‌రూములో రిటైరైన టీచరమ్మ ఒకావిడ అప్పుడప్పుడూ వస్తుంది. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా "చార్లీస్ డెడ్" అంది. అయ్యో అనుకుని, "మీ బంధువా అండీ? చాలా విచారం" అన్నాను. ఆవిడ నా గౌను అంచు కేసి చూపించింది. లోపలి లంగా కిందకి దిగి కనిపిస్తోంది! ఆడపిల్లల బళ్లల్లో పాతకాలం మాటట. ఆ చార్లీ ఎవరని అడిగితే ఒకరు రెండో చార్లెస్ రాజు అన్నారు, ఇంకొకరు స్కాట్లండు యువరాజు అన్నారు. నాకైతే నమ్మకం కుదరలేదు. గుంటూరులో మా కాన్వెంటు రోజుల్లో ఇదే సంగతికి "ఆదివారం కంటే శనివారం పొడుగైంది" అనేవాళ్లం. ఆ శనివారం వెనక ఏ రాజూ లేడు.

మగవాళ్లకి జిప్పు తెరిచి ఉంటే ఇక్కడ "ఫ్లయింగ్ లో" అంటారు, విమానం కిందగా ఎగురుతోందని. ఫ్లై అంటే ప్యాంటు ముందు చీలిక కూడాను. మన "పోస్టాఫీసు తెరిచుంది" ముందు అది చాలా చప్పగా ఉంటుంది.

గోలీసోడా_నరసరావుపేట

నేను ఈ ఫోరంలో నిఘంటువుల పురుగుని, మీకు తెలిసిందే. బిషప్ సంగతి తేల్చాలి. ఎవరి మాటకైనా అనుకోకుండా బూతు అర్థం కూడా వస్తే, చివర "బిషప్‌తో నటి అన్నట్టు" అని తగిలిస్తారు.

ప్రచారంలో ఉన్న కథ ఇది. లిలీ లాంగ్‌ట్రీ అనే అందాల నటి, అప్పటి యువరాజు ఎడ్వర్డ్‌కి ఆప్తురాలు, ఒక దొరగారి బంగళాలో వారాంతం గడపడానికి వెళ్లింది. అక్కడికి ఒక బిషప్పూ వచ్చాడు. ఇద్దరూ తోటలో తిరుగుతుంటే బిషప్ వేలికి గులాబీ ముల్లు గుచ్చుకుంది. భోజనాల దగ్గర ఆమె "ఎలా ఉంది?" అని పరామర్శించింది. గుచ్చుకోవడానికి ఆమె వాడిన ఇంగ్లీషు మాటకి ఇంకో అర్థం ఉంది, ఇక్కడ విడమర్చను. బిషప్ "సలుపుతోంది" అన్నాడు. వడ్డించే బట్లరు చేతిలోంచి బంగాళాదుంపలు జారిపడ్డాయి.

చక్కగా కుదిరింది కదా? అంత చక్కగా కుదిరిందనే నా అనుమానం. తోటలో, భోజనాల బల్ల దగ్గర జరిగినదానికి సాక్షి కావాలి కాబట్టి బట్లరొచ్చాడు. మాటని అచ్చులో వెతికితే 1928 నాటి ఒక డిటెక్టివ్ నవలలో హీరో అలవోకగా వాడేస్తాడు, చదివేవాళ్లకి ముందే తెలిసినట్టు. మరుసటేడు ఒక సినిమా శబ్దపరీక్షలో హిచ్‌కాక్ ఒక నటిని ఆటపట్టిస్తూ "సైనికుడితో అమ్మాయి అన్నట్టు" అంటాడు. ఆ రీలు ఇప్పటికీ ఉంది. అంటే అప్పటికే ఈ సామెతకి రకరకాల జంటలున్నాయి. ఫలానా నటీ, ఫలానా బిషప్పూ ఉండాల్సిన పనిలేదు. బూతు వాసన కొట్టే మనిషినొకరిని, ఆ వాసన తగలకూడని మనిషినొకరిని పక్కపక్కన నిలబెడితే చాలు.

ఇలాంటి అతుకుల కథలకి నా సొంత ఊరి సాక్ష్యం ఒకటి. ఇంగ్లీషులో పనికిమాలిన మాటల్ని "కాడ్స్‌వాలప్" అంటారు. హైరమ్ కాడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1870లలో మెడలో గోలీ ఉన్న సోడాసీసా కనిపెట్టాడు. అవును, మన గోలీసోడానే. బీరుని జనం వాలప్ అనేవారు. కాడ్ సీసాలో పోసినది బీరే కాదని వెక్కిరిస్తూ కాడ్స్‌వాలప్ అన్నారని కథ. నేను చిన్నప్పుడు సోడాబండి వెనకాల పరిగెత్తినవాణ్ణి, ఈ కథ నిజమైతే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ సీసా పుట్టి దాదాపు తొంభై ఏళ్లయ్యాక, 1959లో ఒక బీబీసీ హాస్య కార్యక్రమం స్క్రిప్టులో ఆ మాట మొదటిసారి రాతలో కనిపిస్తుంది. తొంభై ఏళ్లు ఒక వెక్కిరింత ఎవరి కాగితం మీదా పడకుండా ఎక్కడ దాక్కుంది? గోలీ నొక్కితే గ్యాసు పోయింది.

డాక్టరు గారి పెన్నీకి కూడా ఇలాంటి ఖాళీ ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. కానీ అక్కడ తాళం ఉంది, పెన్నీ పట్టే కన్నం ఉంది, షా వ్యాసం ఉంది. వస్తువు సాక్ష్యం చెబుతోంది.

కోఠీ_కలం

డాక్టర్ సాబ్, మంచిగ చెప్పిన్రు. నేను ముప్పై ఏండ్లు పేపర్ల డెస్క్ మీద పనిచేసిన, నాకు తెలిసిన ముచ్చట ఒకటి. పేదోడి సిగ్గుకు కుక్క, పెన్నీ ఉన్నట్టు, పెద్దోళ్ల సిగ్గుకు కూడ ఇంగ్లండ్‌ల మాటలున్నయ్. 1960లల్ల జార్జ్ బ్రౌన్ అని లేబర్ పార్టీ విదేశాంగ మంత్రి ఉండె. మందు జర ఎక్కువ. తాగిండు అని రాస్తే పరువునష్టం దావా ఏస్తరు. 1967ల "ప్రైవేట్ ఐ" పత్రికోళ్లు ఎగతాళిగ ఒక మాట పెట్టిన్రు, "టయర్డ్ అండ్ ఎమోషనల్" అని. అలసిపోయిండు, మనసు కరిగింది. ఇప్పుడు ఎవని గురించి గట్ల రాసినా ఎన్ని పెగ్గులో జనానికి సమజైతది.

పార్లమెంటుల తోటి సభ్యున్ని అబద్ధాలకోరు అనొద్దు. 1906ల చర్చిల్ "టెర్మినలాజికల్ ఇన్‌ఎగ్జాక్టిట్యూడ్" అన్నడు, పదాల కచ్చితత్వం లోపించిందని. 1986ల సిడ్నీ కోర్టుల గూఢచారి పుస్తకం కేసు నడిచింది. బ్రిటన్ క్యాబినెట్ సెక్రటరీ రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని మాల్కమ్ టర్న్‌బుల్ అనే వకీలు గుచ్చి గుచ్చి అడిగిండు. ఆ వకీలే తర్వాత ఆస్ట్రేలియా ప్రధాని అయిండు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏమన్నడు? తన ఉత్తరం అబద్ధం కాదట, "ఎకనామికల్ విత్ ద ట్రూత్" అట. సత్యాన్ని పొదుపుగ వాడిండట! ఆ పొదుపు మాట ఆయన సొంతం గూడ కాదు, పద్దెనిమిదో శతాబ్దపు నాయకుడు ఎడ్మండ్ బర్క్ కాలం నుంచే ఉన్నది. డాక్టర్ సాబ్ లెక్క ఈడ గూడ సరిపోయింది, సిగ్గైనప్పుడు పాత మనిషినొకన్ని అరువు తెచ్చుకున్నడు.

పాత_డాక్టరు

నిఘంటువు బాబుగారూ, మీరు తాళం పక్షాన నిలబడినందుకు సంతోషం. మీ పద్ధతికి నచ్చే కథ ఒకటి చెబుతాను, ఇది నిజం కాదని తారీఖులే చెబుతాయి.

పదిహేడో శతాబ్దంలో జాన్ ఆబ్రే అని పెద్దవాళ్ల కబుర్లు పోగుచేసి రాసిన ఆయన ఉన్నాడు. ఆయన రాసిందిది. ఆక్స్‌ఫర్డ్ ప్రభువు ఎడ్వర్డ్ డి వేర్ ఎలిజబెత్ రాణికి నడుం వంచి నమస్కారం పెడుతుండగా అపానవాయువు తప్పింది. సిగ్గుతో దేశం వదిలిపోయి ఏడేళ్లు తిరిగాడు. వెనక్కొస్తే రాణి ఆదరంగా పలకరించి, "ప్రభూ, ఆ శబ్దం సంగతి మేం మరిచేపోయాం" అంది. అసలు ఆ ప్రభువు ఐరోపా ఖండంలో తిరిగింది 1575లో బయల్దేరి 1576లో తిరిగొచ్చేదాకా, ఏడాది పైచిలుకు మాత్రమే. ఆబ్రే పుట్టేసరికి ఇద్దరూ పోయి ఇరవై ఏళ్లు దాటింది. అయినా ఏడేళ్లయితేనే కథకి బలం. ఏడాదికి ఎవరైనా మరిచిపోతారు.

అమ్మాయ్, మీ పెద్ద డాక్టరు ముందు నువ్వు టీ తెచ్చిన సంగతి ఇప్పటికి మీ ఆస్పత్రంతా పాకి ఉంటుంది. కంగారు పడకు. నలభై ఏళ్ల తర్వాత కూడా మా ఊళ్లో నన్ను "కౌన్సిల్‌కి పంపే డాక్టరు" అని ఇద్దరు ముగ్గురు గుర్తుపడతారు. వాళ్లే నాకు క్రిస్‌మస్‌కి కేకులు తెచ్చేది.

గోదారి_నర్సు

డాక్టర్ గారూ, గోలీసోడా గారూ, టీచరమ్మా, అన్నా, అందరికీ థాంక్సండీ. నిన్న నైట్ డ్యూటీ. ప్రింటు తీసి జేబులో పెట్టుకెళ్లాను.

మామ్మగారు కిందటి నెలలోనే ఇంటికెళ్లిపోయారు. ఆవిడకి చెప్పుకునే వీల్లేదు. కానీ ఆ మంచంలోకే ఇంకొకావిడ వచ్చింది, రాత్రి రెండింటికి గంట నొక్కింది. నేను వెళ్లగానే ఆవిడ నోరు తెరిచి, నన్ను చూసి, నాకెలా చెప్పాలో తెలియక ఆగింది. "పెన్నీ ఉందా, నేనివ్వనా?" అన్నాను. చెయ్యి పట్టుకుని లేచింది. బాత్రూము దాకా నడుస్తూ, వాళ్లమ్మ చేతిసంచీలో ఒక మూల ఎప్పుడూ ఒక పెన్నీ విడిగా ఉంచేదని, అది మిఠాయికి అడిగితే వీపు పగిలేదని చెప్పింది.

తెల్లవారుజామున మన కుక్క పెద్దాయన లేచాడు. మామూలుగానే, కుక్క విషయమై ఒకరిని చూడాలన్నాడు. ఈసారి నేను వాకర్ అందిస్తూ, "ఏ జాతి కుక్కండీ?" అని అడిగాను.

"గ్రేహౌండ్" అన్నాడు. "పక్కకి తప్పుకో తల్లీ, ఇప్పటికే పరిగెత్తడం మొదలెట్టింది."